మంగళవారం టికెట్, సోమవారం ప్రయాణం

2007 డిసెంబరు. కర్నూలు కొత్త బస్టాండు దగ్గర ఒక సందులో నాకు చిన్న నెట్ సెంటర్ ఉండేది. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, కరెంటు పోతే కాసేపు మాత్రమే దమ్ము పట్టే యూపీఎస్. గోడకు ఒక వైపు మక్కా పటం, ఇంకో వైపు పెద్ద అక్షరాల తెలుగు పంచాంగం క్యాలెండరు. బాషా నెట్ సెంటర్లో పంచాంగం ఏమిటని కొత్తగా వచ్చినవాళ్లు వింతగా చూసేవారు. టికెట్ల వ్యాపారం చేసేవాడికి అది లేనిదే పూట గడవదని వాళ్లకేం తెలుసు?

అంతకుముందు ఏడెనిమిదేళ్లు నేను బస్సు టికెట్లు, రైలు టికెట్లు చేసినవాణ్ని. రాహుకాలం, వర్జ్యం, అమావాస్య, ఇవన్నీ చూసుకునే మావాళ్లు టికెట్ తీసుకుంటారు. వీటన్నిటికీ పెద్ద తలకాయ వారశూల, దూర ప్రయాణాలకు చివరికి చేరే ఊరి దిక్కును బట్టి చూసేది. సోమ, శనివారాలు తూర్పుకు పోకూడదు. మంగళ, బుధవారాలు ఉత్తరానికి. గురువారం దక్షిణానికి. శుక్ర, ఆదివారాలు పడమరకు. మా నాన్న నాకు నమాజు నేర్పాడు, ఈ శూలలు మాత్రం నా గిరాకీలే నేర్పారు. చివరికి ఎంతదాకా వచ్చిందంటే, ఫోన్‌లో ఎవరైనా ఊరి పేరు చెప్పగానే ఏ వారం వద్దంటారో నేనే ముందు చెప్పేవాణ్ని. "నువ్వు తురకోడివా, బాపనోడివా?" అని పక్కన జిరాక్స్ షాపతను ఆట పట్టించేవాడు.

విమానం టికెట్లు మొదలుపెట్టాక ఈ శూలల లెక్క నాకు నిజంగానే గుచ్చుకుంది. ఆ రోజుల్లో లో-కాస్ట్ ఎయిర్‌లైన్స్ కొత్త. భోజనం పెట్టరు, పేపరు ఇవ్వరు, ఆ మేరకు టికెట్ రేటు తగ్గిస్తారు. ఒక్కో కంపెనీ సైటు విడివిడిగా వెతికే పని లేకుండా, అన్నిటి రేట్లనూ ఒకే చోట చూపించే సెర్చి సైట్లు వచ్చాయి. వాటిలో నాకు బాగా నచ్చింది ఫేర్ క్యాలెండర్. నెలంతా గడులుగా కనిపిస్తుంది, ప్రతి తేదీ కింద ఆ రోజుకు దొరికే అన్నిటికన్నా తక్కువ రేటు ఉంటుంది. ఒకే విమానం, ఒకే సీటు, రోజు మారితే రేటు సగానికి సగం మారిపోతుంది. ఎందుకంటే సీట్లన్నీ ఒకే ధరకు అమ్మరు. కొన్నింటిని చౌక ధరకు విడిగా పెడతారు, అవి అయిపోతే తర్వాతి ధర. దీన్ని ఫేర్ బకెట్ అంటారు. బకెట్ ఖాళీ అయితే, నిన్న చూసిన రేటు ఇవాళ ఉండదు. "నిన్న అంత చెప్తివి, ఈ పొద్దు ఇంత అంటావు" అని నా గిరాకీలు నన్ను దొంగను చూసినట్టు చూసేది ఇందుకే.

ఇక అసలు తమాషా. వారం మధ్యలో విమానం ఎక్కేవాళ్లు తక్కువ కాబట్టి మంగళ, బుధవారాల్లోనే చాలాసార్లు రేట్లు దిగేవి. మావాళ్లు సరిగ్గా ఆ రెండు రోజులే ఢిల్లీ వైపు తల తిప్పరు. కంప్యూటర్ ముద్దు అన్న రోజును పంచాంగం వద్దు అనేది. మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్క.

ఆ డిసెంబరులో ఒక గురువారం మధ్యాహ్నం సువర్ణ వచ్చింది. ఆలూరు దగ్గర పల్లె పిల్ల. కర్నూల్లోనే నర్సు కోర్సు చదివి, ఒక నర్సింగ్ హోంలో పని చేస్తూ రూములో ఉండేది. తెల్ల యూనిఫాం మీద స్వెట్టరు, చేతిలో కవరు, మనిషి పరుగెత్తి వచ్చినట్టు ఆయాసపడుతోంది.

"అన్నా, బుధవారం పొద్దునకల్లా ఢిల్లీలో ఉండాల. ఏమన్నా దారి ఉండాదా?"

ఢిల్లీలో ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగానికి రాత పరీక్ష పాసైంది. సర్టిఫికెట్లు చూసి, ఇంటర్వ్యూ చేసేది వచ్చే బుధవారం. ఆ కబురు ఊరికి పోయి, ఊర్లో ఎవరి ఇంట్లోనో పడుండి, ఎవరో కర్నూలు వస్తూ తెచ్చి ఇచ్చేసరికి ఈ రోజైంది. ఆ రోజు హాజరు కాకపోతే ఇంకో తేదీ లేదు, ఉద్యోగం తర్వాతి వాళ్లకు పోతుంది. రైలు చూశాను. ఏ రైలుకైనా వెయిటింగ్ లిస్టు హనుమంతుడి తోక. తత్కాల్ కూడా అయిపోయింది.

"విమానం ఎప్పుడూ ఎక్కలేదన్నా. నా జీతంలో దాచింది కొంచెం ఉంది. మా జేజి గొర్రెలమ్మి పంపిస్తానంది. సూడన్నా, అందుతాదేమో."

జేజి అంటే నాయనమ్మ. సువర్ణకు తండ్రి లేడు. తల్లి కూలికి పోతుంది. ఇంట్లో మాట మాత్రం జేజిది.

ఫేర్ క్యాలెండర్ తెరిచాను. హైదరాబాదు నుంచి ఢిల్లీ. డిసెంబరు సెలవులు, పెళ్లిళ్లు, శని, ఆది, సోమ మూడు రోజులూ రేట్లు మండిపోతున్నాయి. మంగళవారం గడి ఒక్కటే చల్లగా ఉంది. మధ్యాహ్నం విమానం, సాయంత్రానికి ఢిల్లీ. ఆమె కాలేజీలో చదివిన మలయాళీ అక్క ఒకామె అక్కడే నర్సు, ఎయిర్‌పోర్టుకు వచ్చి తీసుకుపోతుంది. సువర్ణ దగ్గరున్నదానికి ఆ టికెట్ సరిగ్గా సరిపోతుంది. సోమవారానిది దానికి రెండింతల పైమాటే.

"మంగళవారం చేసేద్దామా?"

"చెయ్యన్నా!" అని వెంటనే, "ఒక్క నిమిషం, జేజికి చెప్పి" అని బయటికి పోయి ఊర్లో పక్కింటివాళ్లకు ఫోన్ చేసింది. తిరిగి వచ్చేసరికి మొహంలో రంగు లేదు.

"మంగళవారం వద్దంట. ఉత్తరానికి శూల అంట. సోమవారం బయల్దేరు, లేకపోతే ఉద్యోగమూ వద్దు ఏమీ వద్దంటాంది."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే అనుకున్నాను. నాకు చిరాకు కూడా వచ్చింది. "నర్సు చదువు చదివినావు, నువ్వన్నా చెప్పకూడదా?" అన్నాను.

సువర్ణ కుర్చీలో కూర్చుంది. "మా నాయన మంగళవారమే పోయినాడన్నా," అంది. కరువు ఏడాది, ఊర్లో పని లేక, బిల్డింగు పనులకని మేస్త్రీతో హైదరాబాదు పోయాడట. ఉత్తరానికి, మంగళవారం. జేజి వద్దంది. ఒక్కరోజు ఆగి పోదువులేరా అంది. లారీ వెళ్లిపోతుందని ఆయన వినలేదు. పరంజా మీది నుంచి పడ్డాడు. "మనిషి తిరిగి రాలే. ఆ పొద్దు గట్టిగా పట్టుకొని నిలపలేకపోతినే అని ఇప్పటికీ ఏడుస్తాది. నేనేమని చెప్పేది?"

ఆ మాట తర్వాత నాకు చిరాకు పడే హక్కు లేకపోయింది. ఆ పిల్లకు ఉద్యోగం కావాలి. ముసలామెకు ఆ పిల్ల కావాలి. సోమవారానికి చౌక టికెట్ పట్టుకోవడం ఒక్కటే దారి అని కంప్యూటర్ మీద పడ్డాను.

టికెట్ వెతకడంలో నాకు తెలిసిన విద్యలన్నీ వాడాను. హైదరాబాదు వదిలి బెంగళూరు నుంచి చూశాను, చెన్నై నుంచి చూశాను. బొంబాయిలో దిగి ఇంకో విమానం మారేట్టు చూశాను. బెంగళూరు నుంచి సోమవారం ఒక రేటు కనిపించి ఆశ పుట్టింది. తీరా నొక్కితే దాని మీద టాక్సులు, ఫ్యూయెల్ సర్‌ఛార్జి, అంటే చమురు ఖర్చు పేరుతో వేసే అదనపు బాదుడు, అన్నీ కలిసి మామూలు రేటుకే వచ్చి కూర్చుంది. అప్పట్లో సైట్లు పైకి చూపించే ధర వేరు, చివర్న కట్టించుకునే ధర వేరు. శుక్రవారం మళ్లీ అదే పని. తల ప్రాణం తోకకొచ్చింది. సోమవారం రేటు దిగడం అటుంచి, మంగళవారం టికెట్ పక్కన 'కొన్ని సీట్లే మిగిలాయి' అని ఎర్ర అక్షరాలు వెలిశాయి. అవీ అయిపోతే శూల ఉన్నా లేకపోయినా ఆ పిల్ల ఢిల్లీ చూడదు.

"జేజిని ఇక్కడికే పిలిపించు. నేను మాట్లాడతా," అని సువర్ణకు చెప్పాను.

శనివారం పొద్దున జేజి వచ్చింది. పేరు ఉరుకుందమ్మ. మా జిల్లా పడమటి వైపు ఉరుకుంద ఈరన్న స్వామి పేరు లేని ఇల్లుండదు. బక్క పలచని మనిషి, చేతులకు వెండి కడియాలు, నడుముకు వక్కాకు సంచి. షాపులోకి వచ్చి ముందు మక్కా పటానికి దండం పెట్టింది, తర్వాత పంచాంగం వైపు చూసింది, ఆ తర్వాత నా వైపు. కంప్యూటర్ ముందు కుర్చీ వేస్తే దాని అంచు మీద కూర్చుంది.

"ఈ డబ్బాలో విమానం కనపడ్తాదా అప్పా?"

"విమానం కనపడదు జేజీ. దాని రేటు కనపడ్తాది."

"రేటు కనపడ్తే ఏమి లాభం, అది గట్టిదో కాదో కనపడాల గానీ," అంది. సువర్ణ నవ్వు ఆపుకుంది.

నేను క్యాలెండర్ గడులు చూపించి, సోమవారం ఇంత, మంగళవారం ఇంత అని విడమరిచి చెప్పాను. మంగళవారం చేస్తేనే పాప పోగలదు, లేకపోతే లేదు, అని కూడా చెప్పేశాను. ఆమె వక్కాకు నములుతూ అంతా విన్నది.

"నువ్వు మంచికే చెప్తాండావు. నేనేం కాదంటలే. దుడ్లు తక్కువని మంగళారం ఉత్తరానికి పంపిస్తే, రేపు ఏమన్నా అయితే ఈ దుడ్లను ఏం చేసుకునేదప్పా? ఒకన్ని పంపిస్తి. మర్ల సూడకపోతి. దీన్ని గూడా పంపించి ఎదురు చూసే ఓపిక నాకు లేదు." ఆమె చెయ్యి సువర్ణ కొంగును గట్టిగా పట్టుకుంది.

నేను క్యాలెండర్ మూయబోయాను. అప్పుడు ఆమే అడిగింది.

"అయినా గానీ, ఆ మంగళారం విమానం యాడ ఎక్కాల?"

"హైదరాబాదులో జేజీ. బేగంపేటలో."

"ఏ యాళకు?"

"మధ్యాహ్నం. కానీ రెండు గంటల ముందే లోపలుండాల. ఈడ నుంచి హైదరాబాదుకు బస్సు అయిదు గంటలు. దారిలో ఏమన్నా అయితే అని ఇంకో గంట వేసుకో. తెల్లవారుజామునే కర్నూల్లో బస్సెక్కాల."

"మా ఊర్నుంచి?"

"మీ ఊరి మొదటి బస్సు ఎక్కినా అందదు. ముందురోజే కర్నూలుకు వచ్చి పండుకోవాల."

జేజి నమలడం ఆపింది. "ముందురోజంటే?"

"సోమవారం."

"అంటే సోమారమే బయల్దేరాల్నా?"

"అవును."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మరి ఆ మాట ఆ పొద్దే చెప్పకపోతివేమప్పా! నేను మూడు రోజులాయ మొత్తుకుంటాండేది గదే గదా. పాప సోమారం బయల్దేరాల. ఇంట్లో దీపం పెట్టుకొని, నా చేత బొట్టు పెట్టించుకొని, సోమారం గడప దాటాల. ఆ పైన విమానం మంగళారం ఎక్కితే నాకేమి, బుధారం ఎక్కితే నాకేమి?"

సువర్ణ, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తర్వాత ముగ్గురం ఒకేసారి నవ్వాం. జేజి సంతోషంతో నవ్విందో, నన్ను చూసి జాలితో నవ్విందో చెప్పలేను.

జరిగింది ఇదీ. సైటులో 'డిపార్చర్' అని ఒక గడి ఉంటుంది. అందులో తేదీ వేయాలి. అందరికీ అర్థం కావాలని నేను దాన్ని 'బయలుదేరే రోజు' అని చెప్పేవాణ్ని. విమానం కంపెనీకి బయలుదేరడం అంటే చక్రాలు నేల వదలడం. జేజికి బయలుదేరడం అంటే గడప దాటడం. బస్సు టికెట్లలో ఈ గొడవ రాలేదు. గడప దాటిన పూటనే బస్సు ఎక్కుతారు కాబట్టి రెండూ ఒకటే. విమానానికి వచ్చేసరికి ఆ రెండింటి మధ్య ఒక రాత్రి వచ్చి పడుకుంది. జేజి విమానాన్ని కూడా బస్సులాగే అనుకుంది. ఇంట్లో అన్నం తిని పోయి ఎక్కడమే అని. నేనేమో జేజి సోమవారం అన్నది విమానం గురించే అనుకున్నాను. ఇద్దరం ఒకే మాట పట్టుకొని మూడు రోజులు ఎదురుబొదురుగా నడిచాం.

ఇక ఆలస్యం చెయ్యలేదు. మంగళవారం విమానం నొక్కి, సువర్ణ పేరు ఆమె ఫోటో గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఒక్కో అక్షరం చూసి కొట్టాను. ఒక్క అక్షరం తేడా ఉన్నా గేటు దగ్గర ఆపేస్తారు. నా క్రెడిట్ కార్డు నంబరు వేసి చివరి బటన్ నొక్కాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్‌కుయ్‌మంటోంది. స్క్రీన్ మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. అలాంటప్పుడు మళ్లీ నొక్కకూడదు, నొక్కితే రెండుసార్లు డబ్బులు కోసుకుంటారు. ఊరికే ఉండాలి. ఆ ఊరికే ఉండడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుసు. జేజి ఈరన్న సామిని తలుచుకుంటోంది, నేను అల్లాను. ఎవరు పలికారో కానీ పేజీ మారింది. ఆరు అక్షరాల పీఎన్ఆర్, అంటే ఆ టికెట్‌కు పెట్టిన గుర్తు, తెర మీద ప్రత్యక్షమైంది. దాన్ని కాగితం మీద రాసుకునేంత వరకూ యూపీఎస్ నిలిచింది. హమ్మయ్య అనుకున్నాను.

హమ్మయ్య ఎక్కువసేపు నిలవలేదు. జేజి లేవబోయి మళ్లీ కూర్చుంది.

"సోమారం రాత్రి ఇది యాడ పండుకుంటాది?"

"నా రూములో జేజీ," అంది సువర్ణ.

"ఆ రూములో నీ పెట్టె ఉండాది, నీ బట్టలుండాయి. అది గూడా నీ ఇల్లే గదా. మంగళారం పొద్దున ఆ గడప దాటితే మర్ల మంగళారం బయల్దేరినట్లే అయితాది."

న్యాయంగా ఆలోచిస్తే ఆమె మాటలో తప్పు లేదు. నియమం అంటే నియమమే. విమానం కంపెనీవాళ్ల షరతులు పేజీలకు పేజీలు నోరు మూసుకొని ఒప్పుకుంటాం కదా, ఇదీ అట్లాంటిదే.

"మా ఇంట్లో పండుకుంటాది జేజీ. నువ్వు గూడా రా. మా ఇంటామె ముంతాజ్ ఉంటుంది," అన్నాను.

ఎక్కడ తటపటాయిస్తుందో అనుకున్నాను. "పీర్ల పండక్కి మా ఊర్లో పీర్లకు మొదటి ఊదు వేసేది నేనేనప్పా. మీ ఇల్లయితే ఇంకా మంచిది," అంది.

సోమవారం సాయంత్రం ఇద్దరూ ఊరి నుంచి మా ఇంటికి వచ్చారు. సువర్ణ నుదుట బొట్టు నిండుగా ఉంది, రాహుకాలం దాటాక గడప దాటించిందట. సంచి తీసుకొని చూస్తే అందులో డ్రెస్సింగ్ చేసే కత్తెర ఉంది. నర్సులకు అది చేతిలో వేలు లాంటిది. దాన్ని చేతిసంచిలో ఉంచితే సెక్యూరిటీలో తీసిపడేస్తారని చెప్పి పెద్ద బ్యాగులో పెట్టించాను. గుర్తింపు కార్డు, టికెట్ ప్రింటు చేతిలోనే ఉండాలని ఒకటికి పదిసార్లు చెప్పాను. "అన్నా, నీకే భయం ఎక్కువుండాది," అని ఆ పిల్ల నవ్వింది. తెల్లవారకముందే ముంతాజ్ బొరుగుల ఉగ్గాని చేసి డబ్బాలో పెట్టింది. బస్సెక్కించి వచ్చాను.

జేజి ఊరికి పోలేదు. "పాప దిగిందని తెలిసినాకే," అని నాతోపాటు షాపుకు వచ్చి అదే కుర్చీ అంచు మీద కూర్చుంది. విమానం యాడికి పోయిందో చెప్పే పేజీ ఒకటి ఉంటుంది, ఫ్లైట్ స్టేటస్ అంటారు. మధ్యాహ్నం అది తెరిస్తే 'డిలేడ్' అని కనిపించింది. ఢిల్లీలో పొగమంచు. పొద్దున కదలాల్సిన విమానాలే ఇంకా కదలలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. ఈ రోజుకు విమానం రద్దయితే ఇంటర్వ్యూ పోయినట్టే.

"ఏమైనాదప్పా? నీ మొగం సూస్తే తెలుస్తాంది."

"ఏం లేదు జేజీ. ఆడ మంచు కమ్మిందంట. అది విడిచేవరకు విమానాన్ని నిలిపినారు."

"నిలిపినారా? మంచిదే. మంచులో పోకూడదులే," అంది. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది. ముంతాజ్ పంపిన అన్నం ముట్టలేదు. సువర్ణ ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేసింది, ఇంకా కూర్చోబెట్టినారు, ఎవురూ ఏమీ చెప్పలేదు, అని. నేను ఆ పేజీని ఎన్నిసార్లు మళ్లీ మళ్లీ తెరిచానో. ఒక గిరాకీ వచ్చి ఈమెయిల్ చూసుకోవాలంటే తర్వాత రమ్మని పంపేశాను.

పొద్దు వాలుతుండగా అక్షరాలు మారాయి. 'డిపార్టెడ్'.

"జేజీ, బయల్దే..." అని సంతోషంలో నోరు జారబోయి ఠక్కున ఆపుకున్నాను. ఆ రోజు మంగళవారం. "ఎగిరింది జేజీ! ఎగిరింది!"

జేజి నన్ను ఓరకంటితో చూసింది. "ఎగిరిందా? ఎగరనీ. మన పాప నిన్ననే బయల్దేరింది గదా," అంది. ఆ నిమిషంలో ఆమె మొహం కొంచెం విప్పారింది.

షాపు మూసే వేళకు విమానం దిగినట్టు కంప్యూటర్ చెప్పింది. జేజికి కంప్యూటర్ మాట చాలదు. "అది రేటు చెప్తే నమ్ముతా. మనిషి సంగతి మనిషే చెప్పాల," అని కూర్చుంది. సువర్ణ సెల్లుకు రోమింగ్ లేదు, అంటే రాష్ట్రం దాటితే అది మోగదు. చివరికి మలయాళీ అక్క ఫోన్ నుంచి కాల్ వచ్చింది. నేను మాట్లాడకుండా సెల్లు జేజి చెవికి పెట్టాను.

"జేజీ, దిగినా. శానా చలి ఉండాది. అక్క వచ్చింది," అని సువర్ణ గొంతు నాకూ వినిపించింది.

జేజి ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చింది. నా కళ్లలో కూడా నీళ్లొచ్చాయి, చెప్పడానికి సిగ్గేం లేదు. అయిదారు రోజులుగా గుండెల మీద పెట్టుకున్న బండ ఎవరో దించినట్టయింది. ఆ రోజు ఇంటికి పోయి ఇద్దరం కడుపునిండా అన్నం తిన్నాం.

బుధవారం ఇంటర్వ్యూ బాగా జరిగింది. ఇక ఊరికి పో జేజీ అంటే ఆమె కదల్లేదు. "పోవడం కాదప్పా, రావడం సూడాల," అంది. సువర్ణ తిరుగు ప్రయాణం రైల్లో, కూర్చునే సీటు మాత్రమే దొరికింది. ఆ పిల్ల వచ్చేవరకు జేజి మా ఇంట్లోనే ఉండి, ముంతాజ్‌కు కొర్రన్నం వండడం నేర్పింది. స్టేషనుకు నేనే తీసుకుపోయాను. సువర్ణ రైలు దిగి బ్యాగు కింద పెట్టేలోపే జేజి దగ్గరికి పోయి, తల, భుజాలు, చేతులు, వీపు, అన్నీ తడిమి చూసింది. ఎక్కడా ఏమీ కాలేదని తేలాక, "వచ్చినావా?" అని అడిగింది.

"వచ్చినా జేజీ."

"పా, ఇంటికి పోదాం."

ఆ తర్వాత రెండు నెలలకు ఉద్యోగం వచ్చింది. పనిలో చేరడానికి టికెట్ కావాలని సువర్ణ ఊర్నుంచి ఫోన్ చేసింది. ఈసారి నేను తెలివిగా, "గడప దాటేది ఎప్పుడు? విమానం ఎక్కేది ఎప్పుడు?" అని రెండు ప్రశ్నలు వేశాను. ఇప్పటికీ ఎవరొచ్చినా రెండూ అడుగుతాను, రెండు రోజులూ విడివిడిగా రాసుకుంటాను. చాలామందికి చౌక రోజు అక్కడే దొరుకుతుంది. సువర్ణ జవాబు చెప్పేలోపే జేజి ఫోన్ లాక్కుంది.

"పోయేది నువ్వు ఏ వారానికన్నా చెయ్యప్పా, గడప సంగతి నేను సూసుకుంటా. శ్రావణంలో ఈరన్న సామి ఉత్సవాలకు దీనికి సెలవిస్తారంట. ఆ వచ్చే టికెట్ ముందు చెయ్యి. అది నా చేతికిచ్చినాక పోయేది చేద్దువు."

సైటులో అట్లా కుదరదు. పోయే తేదీ వెయ్యనిదే వచ్చే తేదీ గడి తెరుచుకోదు. ఆ మాట జేజికి చెప్పబోయి మానుకున్నాను. నా పనిలో అంతకాలం నేను పోవడమే చూశాను. ఎంత చౌకగా పంపగలను, ఎంత తొందరగా పంపగలను అని. టికెట్ కొనేవాళ్ల ఇంట్లో, తిరిగి రావడం గురించే ఆలోచిస్తూ ఒక మనిషి కూర్చుంటుందని ఆ ముసలామె చెప్పేదాకా నాకు తట్టలేదు. రెండింటినీ వేర్వేరు వన్‌వే టికెట్లుగా విడగొట్టాను. ముందు ఢిల్లీ నుంచి హైదరాబాదుకు, శ్రావణ మాసంలో, సువర్ణ పేరు మీద ఒకటి చేసి, ప్రింటు తీసి ఆలూరు బస్సులో జేజికి పంపించాను. పోయే టికెట్ ఆ తర్వాత చేశాను.